మసీదు వెనుక గదికి వేసిన సీలు తీయించండి

గౌరవనీయులైన పురపాలక కమిషనర్ గారికి,

మా మసీదు వెనుక గదికి మీ సిబ్బంది సీలు వేశారు. విన్నపాలు ఇచ్చాం, రసీదులు తీసుకున్నాం. జవాబు మాత్రం రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

భవనానికి ప్రార్థన కోసమే అనుమతి ఉందని, అందులో చదువు చెప్పకూడదని నోటిమాటగా చెప్పారు. అయ్యా, మసీదులో ప్రార్థనకూ చదువుకూ మధ్య గోడ ఎన్నడూ లేదు. మదీనాలో ప్రవక్త మసీదులోనే సుఫ్ఫా అనే నీడపట్టున నిలువ నీడలేని వారు తలదాచుకుని విద్య నేర్చుకున్నారు. మొరాకో దేశపు ఫెజ్ నగరంలోని అల్ ఖరవియ్యీన్ మసీదుగా మొదలై విశ్వవిద్యాలయమైంది.

మా గది అంత గొప్పదేమీ కాదు. అసర్ (సాయంత్రపు) నమాజు తర్వాత పిల్లలు ఖాయదా, అంటే అరబీ అక్షరాల వాచకం, చదివేవారు. మగ్రిబ్ (సూర్యాస్తమయ నమాజు) అయ్యాక అక్కడే లెక్కలు చెప్పేవారం. ఇతర మతాల పిల్లలూ వచ్చేవారు. శుక్రవారం మహిళలు నమాజు చేసుకున్నదీ అక్కడే. ఇప్పుడు పిల్లలు చెప్పుల అరల పక్కన, మెట్ల మీద కూర్చుంటున్నారు. ఒక చిన్నారి ఒడిలో పుస్తకం పెట్టుకుని అలిఫ్, బే వల్లిస్తుంటే వజూకు (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడానికి) వెళ్లేవారు ఆమెను తప్పించుకుని నడుస్తున్నారు. మహిళలైతే రావడమే మానేశారు. వారి తరఫున ఒక్కరైనా అడగకపోవడం నన్ను మరీ బాధిస్తోంది. ఆ మాట మా కమిటీకీ వర్తిస్తుంది.

భద్రతా లోపాలుంటే చూసీచూడనట్టు పొమ్మని కోరడం లేదు. ఇంజనీరును పంపండి, లోపాలను లిఖితపూర్వకంగా ఇవ్వండి, సరిచేస్తాం. లోపాలేవీ లేకుంటే పదిహేను రోజుల్లో సీలు తీయించండి. కుదరదంటే, ఏ నిబంధన ప్రకారమో మీ సంతకంతో తెలియజేయండి.

భవదీయుడు,
మసీదు కమిటీ సభ్యుడు