కొండకీ గంగకీ నన్ను సిద్ధం చేసిన గుంటూరు వాళ్ళందరికీ

ఉత్తరకాశీలో బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు పూర్తి చేసుకుని, రిషికేశ్‌లో గంగ మీద రాఫ్టింగ్ కూడా చేసి క్షేమంగా ఇల్లు చేరాను. ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి అందరూ నన్నే మెచ్చుకుంటున్నారు, చాలా సంతోషం, కానీ ఆ ఫొటోల్లో కనపడని వాళ్ళు బోలెడు మంది ఉన్నారు, వాళ్ళ మాట ఎత్తకుండా ఆ మెప్పంతా నేనొక్కదాన్నే తీసుకోవడం నాకు సబబు అనిపించలేదు. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కిన వార్త చూసినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి గుట్ట మీద తాళ్ళతో ఎక్కడం నేర్చుకున్నారని చదివాక, ఇది మనలాంటి వాళ్ళకీ సాధ్యమే అని మనసులో పడిపోయింది. డిగ్రీ అయ్యాక ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో కోర్సుకి అప్లై చేద్దామనుకున్నాను. 1965లో పెట్టిన సంస్థ అది, ఎవరెస్ట్ ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీ పాల్ గారు శిక్షణ పొందింది అక్కడే.

మొదటి కృతజ్ఞత మా డాక్టరు గారికి, ఎందుకంటే ఆయన సంతకం పెట్టనన్నారు. కోర్సుకి మెడికల్ సర్టిఫికెట్ కావాలి, చాలామంది దాన్నొక కాగితంగా చూస్తారు. ఆయన రక్తపరీక్ష చేయించి, హిమోగ్లోబిన్ తక్కువుందమ్మా, ఇలా పంపను అన్నారు. కూర్చోబెట్టి వివరంగా చెప్పారు కూడా. గాలిలో ఆక్సిజన్ ఎక్కడైనా 21 శాతమే ఉంటుందట, కానీ పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గిపోతుంది కాబట్టి 4,000 మీటర్ల దగ్గర, ఇక్కడ గుంటూరులో అందేదాంట్లో దాదాపు 60 శాతమే అందుతుంది, ఆ అందే కాస్తనీ ఒంట్లో మోసుకెళ్ళేది హిమోగ్లోబినే. ఐరన్ మాత్రలు రాసి, వాటితో టీ కాఫీలు తాగొద్దు, నిమ్మరసం తాగు అన్నారు. ఆ ఏడాది బ్యాచ్ నా కళ్ళముందే వెళ్ళిపోయింది, ఏడుపొచ్చింది. తర్వాతి ఏడాది ఆయనే పిలిచి సంతకం పెట్టి, "2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు వస్తే దాచుకోకు. వెంటనే చెప్పు. తగ్గకపోతే పైకి ఎక్కకు, కిందికి దిగు" అని ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఆడపిల్లలు ఇలాంటి వాటికి వెళ్ళాలనుకుంటే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, నెలల ముందే.

తర్వాత మిర్చి యార్డులో బస్తాలు మోసే ముఠా బాబాయిలు. నాన్న అక్కడ గుమస్తా. నా రక్‌శాక్ (వీపున మోసే పెద్ద బ్యాగు) కాటా వేద్దామని ఒకరోజు యార్డుకి తీసుకెళ్ళాను. నేను దాన్ని ఎత్తే తీరు చూసి ఒక బాబాయి మోస్తున్న టిక్కీ (మిర్చి బస్తా) దించి మరీ వచ్చారు. నడుము వంచకూడదు, మోకాళ్ళు వంచాలి, ఒక కాలు ముందుకేసి బరువుని ముందు తొడ మీదికి తెచ్చుకుని, అక్కడి నుంచి భుజం దూర్చాలి అని నాతో పదేపదే చేయించారు. బరువు వీపుకి అంటుకుని ఉండాలి, ఎడంగా ఉంటే నిన్ను వెనక్కి లాగేస్తుంది అన్నారు. భుక్కి ఊరి నుంచి లోడుతో నడక మొదలైన రోజున మా ఇన్‌స్ట్రక్టర్ హిందీలో సరిగ్గా ఇదే చెప్పారు. మంచు కొండ ఎప్పుడూ చూడని మనిషి ఎండలో బస్తాలు మోస్తూ నేర్చుకున్న పని నా నడుముని కాపాడింది బాబాయ్, మీకు రెండు చేతులెత్తి దండం.

మా వీధి సుబేదార్ తాతయ్య గారి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆదివారాలు తెల్లారుజామునే నన్నూ నా స్నేహితురాలినీ కొండవీడు తీసుకెళ్ళేవారు. ఘాట్ రోడ్డు మీద కాదు, పాత మెట్ల దారిన. బ్యాగులో ఇసుక వేసుకుంటానంటే వద్దన్నారు, నీళ్ళ సీసాలు పెట్టించారు, పైకి చేరాక ఆ నీళ్ళు చెట్లకి పోసేసి ఖాళీ బ్యాగుతో దిగమనేవారు, దిగేటప్పుడే మోకాళ్ళు అరుగుతాయి కాబట్టి. సాక్సులు తడిస్తే ఆగి మార్చుకోవాల్సిందే, ఎంత ఆలస్యమైనా సరే. కోర్సులో మొదటి వారానికే బొబ్బలెక్కి కుంటుతున్న వాళ్ళని చూశాక ఆయన పట్టుదల ఎందుకో అర్థమైంది.

అమ్మని ఒప్పించింది ఎదురింటి పిన్ని. అమ్మ భయం ఉత్త భయం కాదు. 2022 అక్టోబర్ 4న ద్రౌపదీ కా దండా 2 అనే శిఖరం మీద మంచు చరియలు విరిగిపడి 29 మంది చనిపోయారు, వాళ్ళు ఇదే సంస్థ అడ్వాన్స్ కోర్సు బృందం. టీవీలో అది చూసిన తల్లి కూతుర్ని ఎలా పంపుతుంది? పిన్ని "ఏం కాదులే అక్కా" అని పైపైన సర్దిచెప్పలేదు. ప్రమాదం ఉంది, దాని గురించి అడగాల్సినవి అడుగుదాం అని అమ్మ పక్కన కూర్చుని ప్రశ్నలు రాయించి, సంస్థ ఆఫీసుకి అమ్మ చేతే ఫోన్ చేయించారు. అమ్మ ఒప్పుకుంది ఆ ఫోన్ తర్వాతే.

కోర్సు 28 రోజులు. ఉత్తరకాశీ దగ్గరి టెఖ్లా రాళ్ళ మీద మొదటిసారి తాడుతో దిగేటప్పుడు వెనక్కి వాలి ఖాళీలోకి కాలు వేయాలి, అది శరీరం ఒప్పుకోదు. మా ఇన్‌స్ట్రక్టర్ తొందరపెట్టలేదు, కింద తాడు పట్టుకున్న అమ్మాయిని చూడమన్నారు, అంతే, దిగాను. డోక్రియానీ గ్లేసియర్ (మంచు నది) దగ్గర క్యాంపులో నాకు తలపోటు పట్టుకుంది, డాక్టరు గారి మాట గుర్తుండి వెంటనే చెప్పేశాను. నా రోప్‌లోని (కోర్సులో చిన్న జట్టుని అలా అంటారు) ఇద్దరు అమ్మాయిలు, ఒకరిది అస్సాం, ఒకరిది మహారాష్ట్ర, ఆ పూట నా వంతు నీళ్ళు మోసి, రాత్రంతా వంతులవారీగా లేచి నన్ను పలకరించారు. పొద్దుటికి తగ్గింది. మీరు ఈ తెలుగు చదవలేరు, అయినా రాస్తున్నాను.

ఇక గంగ. కోర్సయ్యాక రిషికేశ్‌లో ఆంధ్రా ఆశ్రమంలో దిగాను (ఇన్ని రోజులకి అన్నం, సాంబారు!). మర్నాడు శివపురి నుంచి పదహారు కిలోమీటర్ల రాఫ్టింగ్. గోల్ఫ్ కోర్స్ అనే ర్యాపిడ్‌లో (నీళ్ళు రాళ్ళ మీద ఉరికే చోటు) రాఫ్ట్ ఒక పక్కకి లేచి నేను నీళ్ళలో పడ్డాను. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయంటే ఊపిరి బిగుసుకుపోయింది. అప్పుడు పనికొచ్చింది మా గుంటూరు స్విమ్మింగ్ కోచ్ మేడమ్ నేర్పింది. ఒంటి మీద బట్టలు, కాళ్ళకి బూట్లు ఉంచి వెల్లకిలా తేలడం నేర్పించారావిడ, అప్పుడు ఎందుకో తెలియలేదు. వెల్లకిలా తిరిగి, కాళ్ళు ప్రవాహం వైపు పెట్టి, బొటనవేళ్ళు నీళ్ళ పైకి కనపడేలా పడుకున్నాను. నిలబడాలని చూస్తే కాలు రాళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. గైడ్ తాడు సంచీ విసిరాడు, నా ఛాతీ మీదుగా పడింది. దగ్గరికి లాగి, చేతులు కాదు, లైఫ్ జాకెట్ భుజం పట్టీలు రెండూ పట్టుకుని, తను వెనక్కి పడుతూ నన్ను లోపలికి లాగేశాడు. నా వయసే ఉంటుంది ఆ గఢ్వాలీ అబ్బాయికి. "ఠీక్ హో దీదీ?" అని అడిగి మళ్ళీ తెడ్డు అందుకున్నాడు. తమ్ముడూ, మా ఇంట్లో రోజూ నీ పేరు తలుచుకుంటున్నారు.

ఒక మాట. నా రక్‌శాక్, ట్రెక్కింగ్ బూట్లు (సైజు 6), రెయిన్ కోటు, ఊలు గ్లవ్స్, హెడ్‌ల్యాంప్ మా ఇంట్లో ఊరికే ఉన్నాయి. గుంటూరు, విజయవాడల నుంచి ఎవరు కోర్సుకి వెళ్తున్నా మెసేజ్ పెట్టి వచ్చి తీసుకెళ్ళండి, డబ్బులేం వద్దు, వచ్చాక ఉతికి ఇస్తే చాలు. బూట్లు మాత్రం కనీసం నెల ముందు తీసుకుని కొండవీడు మెట్ల మీద వేసుకుని నడవండి. తాతయ్య గారిని అడిగాను, ఆదివారాలు ఎవరొచ్చినా తీసుకెళ్తానన్నారు, తెల్లవారుజామున అయిదింటికల్లా రావాలి, ఆలస్యమైతే ఆగరు.