బొగలూసా గురించి కూడా రాయండి

సంపాదకులకు,

అమెరికా అంటే మన పత్రికల్లో ఎప్పుడూ డల్లాస్, న్యూజెర్సీలే. లూసియానాలో బొగలూసా అనే చిన్న ఊరుంది, దాని గురించి ఒక్కసారైనా రాయండి.

న్యూ ఆర్లీన్స్‌కు ఉత్తరాన, పెర్ల్ నది పక్కన, మిసిసిపీ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. అప్పట్లో చుట్టూ పొడవాకు పైన్ అడవులే. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరం నుంచి వచ్చిన గుడ్‌ఇయర్ సోదరులు 1906లో అక్కడ ఊరు కట్టడం మొదలుపెట్టి, రైలు మార్గం వేసి, 1908లో రంపపు మిల్లు నడిపించారు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. ఇళ్లు, ఆసుపత్రి అన్నీ కంపెనీవే, నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ వాడలు మాత్రం వేరు. మిల్లు మేనేజర్ సలివాన్‌గారే మేయర్ కూడా! ఇక కూలీ గోడు ఎవరికి చెప్పుకోవాలి?

నన్ను కదిలించింది మాత్రం 1919 నవంబర్. సోల్ డాకస్ అనే నల్లజాతి యూనియన్ నాయకుడి కోసం కంపెనీ మనుషులు వెతుకుతుంటే, తెల్ల కార్మికులు తుపాకులు పట్టుకుని, ఆయన్ని మధ్యలో పెట్టుకుని నడివీధిలో నడిచారు. ఆ కాలంలో, అమెరికా దక్షిణాదిలో! తర్వాత జరిగిన కాల్పుల్లో నలుగురు తెల్ల యూనియన్ వాళ్లు చనిపోయారు. డాకస్ తప్పించుకున్నాడు.

పాత అడవి అయిపోయింది, 1938లో రంపపు మిల్లు మూతపడింది, కాగితం మిల్లుతో ఊరు నిలబడింది. 1965లో పౌరహక్కుల పోరాటమూ అక్కడ గట్టిగానే సాగింది.

మేడేకి ఆ నలుగురి కథ వేయండి సార్, మన కార్మికులూ చదువుతారు.

– ఒక పాఠకుడు, ఏలూరు