ఓపీలో ఒక కుర్చీ, ఒక ఆక్సీమీటర్: గుంటూరు జిల్లా ఆరోగ్యాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విన్నపాలకు జవాబు రానందున ప్రజల సమక్షంలో రాస్తున్నాం.

కోవిడ్ తగ్గి నెలలు గడిచినా మెట్లెక్కితే ఆయాసపడేవారిని కూర్చోబెట్టి ఆక్సిజన్ చూస్తున్నారు. 97 శాతం ఉంటే "బాగానే ఉంది, రోజూ నడవండి" అని పంపేస్తున్నారు. శ్రమపడితే ఆక్సిజన్ పడిపోయే లోపం కూర్చున్న మనిషిలో చాలాసార్లు బయటపడదు. వేలికి ఆక్సీమీటర్ ఉంచి, ఒక నిమిషం పాటు పదే పదే కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టాలి. ఆక్సిజన్ 3 పాయింట్లు పడిపోతే తదుపరి పరీక్షలకు పంపాలి. దడ ఉన్నవారిని పడుకోబెట్టి నాడి చూసి, తర్వాత 10 నిమిషాలు నిలబెట్టి చూడాలి. వయోజనుల్లో నాడి నిమిషానికి 30 పెరిగి తగ్గకపోతే, దాన్ని కంగారని కొట్టిపారేయకూడదు.

శ్రమ చేసిన మర్నాడో, ఆ మర్నాడో మంచం పట్టేవారికి నడక పెంచమనడం హానికరం. మిర్చి యార్డులో బస్తాలు మోసే కూలీకి ఆ సలహా ఖరీదు వారం కూలి.

వారానికి ఒక పూట ప్రత్యేక ఓపీ పెట్టించండి. ఈ రెండు పరీక్షల అంకెలు చీటీ మీద రాయాలని ఉత్తర్వు ఇవ్వండి. ఏ రోజు, ఏ గదిలో మొదలవుతుందో ప్రకటించండి.

ఇట్లు,
శ్వాసకోశ ఫిజియోథెరపిస్టులు, గుంటూరు