బరకాల ఆలస్యం గురించి, విడిపోయిన కవర్ల కుట్ల గురించి

నరసాపురంలో మా దగ్గర బరకాలు, ట్రాక్టర్ టాపులు, చెరువుల మీద మోటార్లకు కవర్లు కుట్టించుకునే వారందరికీ నమస్కారం. సార్వా కోతల లోపు ఇస్తానన్న బరకాల్లో పదకొండు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఫోను చేసిన వారికి మా కుర్రాడు "గుడ్డ రాలేదు" అని చెప్పాడు. అలా చెప్పమన్నది నేనే. గుడ్డ ఎప్పుడో వచ్చింది. మిషన్లు రెండూ వేరే పనిలో ఉన్నాయి. అది తప్పు, క్షమించండి. ఆ పని ఏమిటో కూడా మీకు తెలియాలి, ఎందుకంటే అందులో మీ పాత కవర్ల సంగతి ఉంది.

దాళ్వా ధాన్యం వెళ్లిపోయాక, ఆషాఢంలో మా దుకాణానికి పెద్దగా పని ఉండదు. అప్పుడు చెన్నై నుంచి ఒకాయన ఫోను చేశారు. ఆయన, ఆయన కూతురు కలిసి కాటమరాన్ పందేల్లో పాల్గొంటారు. ఆ మాట తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చింది, మనం తెప్ప అంటాం. అయితే వాళ్లది దుంగలు కట్టిన తెప్ప కాదు. సన్నటి ఫైబర్ డొప్పలు రెండు పక్కపక్కన ఉంటాయి, వాటి మధ్య నులక మంచంలా లాగి బిగించిన గుడ్డ. హోబీ 16 అనే రకం. పొడవు 5 మీటర్ల పైచిలుకు, బరువు 145 కిలోలే. మనుషులిద్దరూ ఆ గుడ్డ మీదే ఉంటారు. వస్తువులు దాచుకోవడానికి పెద్దగా చోటు ఉండదు. తెరచాప ఎత్తాక మిగిలిపోయే పొడవాటి తాడు, నీళ్ల సీసా, పడవ బోల్తా పడితే పట్టుకుని వెనక్కి వాలి లేపుకునే మోకు, ఇవన్నీ ఆ గుడ్డకు కట్టిన సంచుల్లోనే సర్దుకోవాలి.

ఆయనకూ ఆయన స్నేహితులకూ కలిపి పన్నెండు సంచులు అడిగారు. ట్రాక్టర్ టాపులకు వాడే పూత గుడ్డతోనే కుట్టాను. నీళ్లు పోవడానికి అడుగున మూడు ఇత్తడి ఐలెట్లు వేశాను, మూతికి వెల్క్రో, పక్క జేబుకు జిప్పు. దుకాణం వెనుక బకెట్ నీళ్లు పోసి చూస్తే నిమిషంలో ఖాళీ అయ్యాయి. అంతటితో తృప్తిపడి పార్సిల్ కట్టేశాను.

నెల తిరగకుండానే తొమ్మిది వెనక్కి వచ్చాయి. ఒకటి బల్ల మీద తెరిచాను. వెల్క్రో ముళ్లలో ఇసుక, తాడు పీచు కలిసి ఎండి గట్టిపడ్డాయి. జిప్పు రన్నర్ చుట్టూ తెల్లటి పొడి, ఎంత లాగినా కదల్లేదు. ఐలెట్ల చిలుము పచ్చగా గుడ్డకు అంటింది. కుట్టును గోటితో లేపితే దారం సాగి వచ్చింది, మళ్లీ బిగుసుకోలేదు.

ఆయన కోపంగా ఏమీ రాయలేదు. జరిగింది రాశారు. తాడు చుట్ట ఐలెట్లను మూసేయడంతో అల వచ్చినప్పుడల్లా సంచి నిండేది. ఆరు లీటర్లంటే ఆరు కిలోలు, కిలో కిలోకూ లెక్క చూసుకునే పడవ మీద. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి. ఒకరోజు గాలి పెరిగి చాప దించబోతే తాడు వెల్క్రోకు పట్టేసింది. ఆ అమ్మాయి పాకుతూ వెళ్లి చేత్తో విడదీయాల్సి వచ్చింది. ఆమెకు ఏమీ కాలేదు. కానీ తాడు అడ్డు లేకుండా జారాల్సిన చోట ముళ్లు కుట్టింది నేను.

సంచి పట్టుకుని పంటు మీద రేవు దాటి అంతర్వేది వెళ్లాను. అక్కడ మాకు తెలిసిన పెద్దాయన ఉన్నారు, చిన్నప్పటి నుంచి వేటలోనే ఉన్న మనిషి. సంచిని అటూ ఇటూ తిప్పి, "మూడు కన్నాలేమిటమ్మా? చేపల బుట్టకు ఎవరైనా మూడు కన్నాలు పెడతారా? అడుగంతా వలే వేయాలి" అన్నారు. మూడు రకాల దారాలతో కుట్టిన ముక్కలను ఆయన పడవ అంచుకు కట్టనిచ్చారు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట పన్నెండు రోజులు ఉప్పునీళ్లలో తడిసి, ఎండలో ఎండాయి. నేను ఇన్నేళ్లుగా వాడుతున్న నైలాన్ దారం కుట్టు వదులైంది. నైలాన్ నీళ్లు పీల్చి సాగుతుంది, ఎండలో ఉండే కొద్దీ బలం కోల్పోతుంది. పూత పట్టించిన పాలిస్టర్ దారం మాత్రం వేసినప్పటి బిగువుతోనే ఉంది.

ఇప్పుడు కుడుతున్న సంచికి అడుగంతా పూత ఉన్న పాలిస్టర్ వల గుడ్డ. మూతికి వెల్క్రో బదులు సన్నని ఎలాస్టిక్ తాడు. తాడు పెట్టే సంచికి జిప్పే లేదు. సీసా జేబుకు మాత్రం ప్లాస్టిక్ పళ్లు, ప్లాస్టిక్ రన్నర్ ఉన్న జిప్పు. కుట్టు మడతలన్నీ బయటి వైపే, లోపల తాడుకు తగిలేది ఏదీ లేదు. పట్టీల చివర్లు కాల్చిన బ్లేడుతో కోస్తున్నాం కాబట్టి పీచు లేవదు.

వల గుడ్డను మిషను మీద కుట్టడం మాత్రం చాలా కష్టమైంది. సూది కన్నంలో పడితే ఆ కుట్టుకు పట్టు ఉండదు. మా దగ్గర పనిచేసే ఇద్దరు లేసు అల్లే ఇళ్ల నుంచి వచ్చిన వారు. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన నరసాపురం లేసే. వాళ్లలో ఒకామె అంచు పట్టీ మడిచి, గళ్లు లెక్కపెట్టుకుంటూ, చేత్తో చక్రం తిప్పుతూ ప్రతి కుట్టూ అల్లిక గీత మీదే పడేలా వేసింది. పక్కన నిలబడి చూశాను. నాలుగు గళ్లకు ఒకసారి పెదవులు కదిలేవి. ఒక్కో సంచికి మూడు గంటలు పడుతోంది. అందుకే ఆ పనికి కూలి పెంచాను, సంచి ధర 1,850 నుంచి 2,300 చేశాను. వెనక్కి వచ్చిన తొమ్మిదింటికి మాత్రం పైసా తీసుకోవడం లేదు. అయిదు పంపాను. మిగిలిన నాలుగు మీ బరకాల తర్వాతే కుడతానని ఆయనకు చెప్పాను, సరేనన్నారు.

ఇక మీ కవర్ల సంగతి. మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల వారు, ఎనిమిది నెలలకే కుట్టు విడిపోయిందని కవర్లు తెచ్చినప్పుడు "ఎండలు అలా ఉన్నాయి, ఏమి చేస్తాం" అని పంపేశాను. మీ చెరువు గట్టు మీద ఎండ, ఉప్పు ఉంటాయని నాకు ముందే తెలుసు. వాటికి తగని దారం వాడింది నేను. గత రెండేళ్లలో నా దగ్గర కుట్టించిన మోటారు, జనరేటర్ కవరు ఏదైనా తీసుకురండి. పాత కుట్టు విప్పి పాలిస్టర్ దారంతో కొత్తగా వేసి ఇస్తాను. డబ్బు వద్దు. అప్పట్లో ఎండను నిందించి పంపినందుకు మీలో కొందరు నా దగ్గరకు రావడం మానేశారు. వాళ్లకు కూడా ఈ మాట చేరవేయండి.

బరకాల విషయానికి వస్తే, రేపటి నుంచి రెండు మిషన్ల మీదా అవే. శుక్రవారం సాయంత్రానికి పదకొండూ సిద్ధంగా ఉంటాయి, అదే ధరకు కొత్త దారంతో. ఈ లోపు వాయుగుండం అన్న మాట వినిపిస్తే ఆగవద్దు. అద్దెకిచ్చే బరకాలు నాలుగు దుకాణంలో ఉన్నాయి. కోత అయిపోయి ధాన్యం కళ్లంలో ఉన్న వారికి ముందు, అద్దె లేకుండా ఇస్తాను. పడవ సంచులు ఇక మీదట ఆషాఢం నుంచి భాద్రపదం వరకే కుడతాను.

కవర్లు తెచ్చేవారు బురద కడిగి ఆరబెట్టి తెస్తే చాలు. రసీదు అక్కర్లేదు. మేము కుట్టిన ప్రతి కవరుకూ ఒక మూల ఎర్ర దారంతో మూడు కుట్లు ఉంటాయి, చూడగానే గుర్తుపడతాను. ఆదివారం కూడా మధ్యాహ్నం వరకు దుకాణం తెరిచే ఉంటుంది.