పోర్టుగల్‌లో సముద్రం పక్కన అద్దె ఇల్లు: ఆదివారం కాల్

అందరికీ నమస్కారం 🙏
లిస్బన్, పోర్టో అద్దెలు మోయలేక బయట చూస్తున్నవాళ్లకి ఆదివారం ఉదయం 11కి గ్రూప్ కాల్. శుక్రవారం రాత్రిలోపు మీ బడ్జెట్, ఎంతమంది ఉంటారు, ఆఫీసుకి వారానికి ఎన్ని రోజులు వెళ్లాలి అనేది ఇక్కడే రాయండి.

మాట్లాడుకునే ఊళ్లు: సెతూబల్ (లిస్బన్‌కి ఫెర్టాగుస్ రైలు), పోవువా ద వర్జిం (పోర్టో మెట్రో బి లైన్ చివర), ఫిగేరా ద ఫోజ్ (కోయింబ్రాకి రైలు). రోజూ ఆఫీసు లేకపోతే నా ఓటు ఫిగేరాకే.

అక్టోబరులో చవగ్గా కనిపించే ఇళ్లు చాలావరకు జూన్ దాకే ఇస్తారు, ఆ తర్వాత వేసవి టూరిస్టులకి ఇచ్చుకుంటారు. ఏడాది పొడుగునా ఉండొచ్చా అని ముందే అడిగి కాంట్రాక్టులో రాయించుకోండి.

ఇల్లు చూసేటప్పుడు బీరువా కాస్త జరిపి వెనక గోడ చూడండి. ఒక్క మూలకే కొత్త రంగు ఉంటే కింద బూజు ఉందని అనుమానించాల్సిందే. చలికాలం ఆ గదిలో బట్టలు ఆరవు.

కరెంటు బిల్లు అడగండి. కనెక్షన్ 3.45 కేవీఏ (ఒకేసారి వాడగలిగే కరెంటు పరిమితి) అయితే ఇండక్షన్ పొయ్యి, హీటర్ కలిపి వేస్తే ట్రిప్పే.

డిపాజిట్ రెండు నెలల అద్దె దాటకూడదు, చట్టమే అది. చూడని ఇంటికి పైసా పంపకండి.

నిఫ్ (పోర్టుగల్ పన్ను గుర్తింపు) నంబర్ లేనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి. కాల్ లింక్ శనివారం పెడతాను.