66 చింతపిక్కల పుస్తకం

అమ్మానాన్నలకు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే అవ్వాతాతలకు నమస్కారం.

ఈ వారం మీ పిల్లలు అలవాట్లు మార్చుకోవడానికి బడిలో చేసిన ఒక పుస్తకం ఇంటికి తెస్తారు. అట్టముక్కల మధ్య కుట్టిన 24 పేజీలు, వెనక అట్టకు రెండు గుడ్డ జేబులు, ఎడమ జేబులో 66 చింతపిక్కలు. దయచేసి దాన్ని పాత పుస్తకాల సంచిలో వేయకండి. అందులో సగమే మేం రాశాం, మిగతా సగం మీరూ మీ పిల్లలూ కలిసి రాయాలి.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది నన్ను మార్కుల గురించి అడగలేదు. "ఫోన్ ఇస్తేగానీ ముద్ద దిగదు సార్", "ఎన్నిసార్లు లేపినా లేవడు", "ఎంత తిట్టినా గోళ్లు కొరకడం మానదు", ఇవే మాటలు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. తర్వాత ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో కూర్చుని, చదివి పక్కన పెట్టేది కాకుండా రాసి, మడిచి, విప్పి, చించి వాడుకునే పుస్తకం చేద్దామని మొదలుపెట్టాం. మొబైల్ యాప్ చేద్దామని ఇద్దరు టీచర్లు అన్నారు కానీ నేను ఒప్పుకోలేదు, ఫోన్ తగ్గించుకోవడానికి మళ్లీ ఫోనే తెరవమని పిల్లలకు ఎలా చెప్తాం?

మొదటి పేజీలో సలహా ఏమీ ఉండదు, ప్రశ్నలే ఉంటాయి. మానుకోవాలనుకునే ఆ పని ఎప్పుడు చేశావు, ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, దానికి ముందు ఏం జరిగింది? ఐదు రోజులు ఇవి మాత్రమే రాయాలి, మానాలని ప్రయత్నించాల్సిన పని కూడా లేదు. ఏడో తరగతి అబ్బాయి ఒకడు గోళ్లు కొరుకుతాడని వాళ్లమ్మ వేళ్లకు వేపాకు రసం కూడా పూసి చూసింది. వాడి పేజీలో ఐదు రోజులూ దాదాపు ఒకే జవాబు ఉంది: ఇంగ్లీష్ పీరియడ్, పైకి చదివే వంతు దగ్గరకొస్తున్నప్పుడు. చూడండి, తప్పు వేళ్లలో లేదు, ఆ టెన్షన్‌లో ఉంది. ఇప్పుడు వాడు ఏ పేరా చదవాలో మేడమ్ ముందురోజే చెప్తున్నారు, వంతు వచ్చేదాకా చేతిలో ఒక చింతపిక్క తిప్పుకుంటూ కూర్చుంటాడు. గోళ్లు ఇంకా పూర్తిగా మానలేదు, తగ్గింది.

అలవాటు అంటే ఇంతే. ఒక చోటికో, వేళకో, మనసులో గుబులుకో ఒక పని అతుక్కుపోతుంది, ఆ చోటు కనపడగానే చెయ్యి దానంతట అదే కదులుతుంది. అందుకే తిట్టడం వల్ల పిల్లాడికి బాధ మిగులుతుంది గానీ ఆ అతుకు ఊడదు. కొత్త అలవాటుకు కూడా ఇదే దారి. ఆరో పేజీలో ఒక ఖాళీ వాక్యం ఉంది: "నేను ........ చేయగానే ........ చేస్తాను." బ్యాగు దించగానే టిఫిన్ డబ్బా కడుగుతాను, అలాగన్నమాట. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి వాక్యాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. "రేపటి నుంచి బుద్ధిగా ఉంటాను" అనడం కంటే ఇది బాగా పనిచేస్తుంది.

ఇక పిక్కల సంగతి. 21 రోజుల్లో అలవాటు కుదురుతుందని అందరం వింటూనే ఉంటాం. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం కొందరికి 18 రోజులు చాలితే కొందరికి 254 రోజులు పట్టేట్టుంది, మధ్యలో నిలిచిన లెక్క 66. అందుకే మధ్యాహ్న భోజనం వండే అమ్మను అడిగితే చింతపిక్కలు కడిగి ఎండబెట్టి ఇచ్చింది. పని చేసిన రోజు ఒక పిక్క ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. ఒకరోజు తప్పితే ఆ రోజుకు పిక్క కదలదు, అంతే. పిక్కలన్నీ వెనక్కి పోసి "మళ్లీ మొదట్నుంచి" అనకండి, ఇది నేను బతిమాలి అడుగుతున్నాను. ఒక్కరోజు తప్పినంత మాత్రాన చేసింది పోదని ఆ పరిశోధనలోనే తేలింది.

నాకు బాగా నచ్చిన పేజీ ఎనిమిదో తరగతి అమ్మాయి ఆలోచన. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో కోరిక తీరినవాళ్లు అదే కోరిక ఉన్నవాళ్లకు రొట్టె ఇస్తారు కదా, అలాగే గుండ్రటి కాగితాలు చేసింది. పొద్దునే లేవడం కుదిరినవాళ్లు తమ కాగితం చించి, ఎలా కుదిరిందో దాని మీద రెండు ముక్కలు రాసి, కావాల్సినవాళ్లకు ఇవ్వాలి. తరగతిలో ఇప్పటికే రెండు చేతిరాత రొట్టెలు చేతులు మారాయి.

చివరి నాలుగు పేజీలు పెద్దవాళ్లవి. రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా ఉండే ఒక నాన్న నమూనా పుస్తకంలో రాశారు: "మేత వేశాక, ఒంటరిగా కూర్చున్నప్పుడు, గుట్కా." ఇప్పుడు కూతురు రోజూ వేయించిన శనక్కాయలు పొట్లం కట్టి ఇస్తోంది. మొదటి వారంలో రెండుసార్లు తప్పినా, ఆయన కుడి జేబులో ఇప్పటికి 19 పిక్కలున్నాయి. ఈ మాట మీకు చెప్పమని ఆయనే అన్నారు. పొగాకు విషయంలో ఒక్క పుస్తకం సరిపోదు, 1800-11-2356 ఉచిత నంబర్, దానికి కూడా ఫోన్ చేయండి.

వచ్చే మీటింగ్‌కి పుస్తకం తెండి, కుడి జేబులో ఎన్ని పిక్కలున్నా సరే. పిక్కలు పారేసుకున్నవాళ్లు పిల్లల్ని తిట్టకండి, వంటగదిలో ఇంకో డబ్బా నిండా ఉన్నాయి.

మీ హెడ్మాస్టర్