పడక కుర్చీ సంగతి

చి. బాబుకు, నాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి కోడలు ఫోన్ నీ వైపు తిప్పినప్పుడు చూశాను. సోఫాలో వెనక్కి వాలి, బుజ్జిదాన్ని గుండెల మీద వేసుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. మీ అమ్మకి ముచ్చటేసింది. నాకు గుండె ఝల్లుమంది. ఎందుకో నీకెప్పుడూ చెప్పలేదు.

నీకు మూడో నెల. ఎండాకాలం, కరెంటు లేదు. వసారాలో పడక కుర్చీలో నిన్ను ఇలాగే వేసుకుని, విసురుతూ విసురుతూ నేనే కునుకేశాను. మీ అమ్మ వచ్చేసరికి నువ్వు జారి నా డొక్కకీ కుర్చీ గుడ్డకీ మధ్య ఇరుక్కున్నావు. ముక్కు గుడ్డలో కూరుకుపోయింది. ఏడుపు లేదు. లాగి ఎత్తుకుంటే అప్పుడు కేర్‌మన్నావు. ఆ కుర్చీ మర్నాడే అటకెక్కింది.

అందుకే చెప్తున్నా, నిద్ర ముంచుకొస్తుంటే దాన్ని తొట్టిలో వేసెయ్. సోఫాలో మాత్రం వద్దు, మీ మంచం కంటే అదే ఎక్కువ ప్రమాదం. తొట్టి మీ గదిలోనే, మీ మంచం పక్కనే ఉండాలి, కనీసం ఆరు నెలలు.

వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కి పొలమారదా అని మీ అమ్మ వాదన. బళ్ళో సైన్సు చెప్పినవాణ్ణి కదా, క్యాలెండర్ కాగితం వెనక బొమ్మ గీసి చూపించాను. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే ఎదురెక్కాలి. బోర్లా పడుకుంటే గాలిగొట్టమే కిందకొస్తుంది. మీ అమెరికాలో డాక్టర్లు 1992లో బోర్లా వద్దన్నారు, 1994 నుంచి దేశమంతా ప్రచారం చేశారు. పదేళ్ళు తిరక్కుండానే నిద్రలో హఠాత్తుగా పోయే పసివాళ్ళు దాదాపు సగానికి తగ్గారు. నెల నుంచి నాలుగు నెలల లోపే ఆ భయం ఎక్కువ. మనదానికి ఇప్పుడు పది వారాలు.

మీ స్నేహితులిచ్చిన పాత తొట్టికి చుట్టూ మెత్తలు కట్టి ఉన్నాయి చూశావా, అవి ఊడదీసెయ్. 2022లో అక్కడ వాటి అమ్మకమే చట్టం చేసి ఆపేశారు. గట్టి పరుపు, ఆ పరుపుకి బిగుతుగా తొడిగిన దుప్పటి, అంతే. బొమ్మలూ వద్దు, దిండూ వద్దు. తల గుండ్రంగా రావాలని మీ అమ్మ పార్సిల్లో ఆవాల దిండు పెడితే నేనే తీసేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందు కాసేపు బోర్లా వేస్తూ ఉండండి, తలకీ మెడకీ అదే మంచిది.

పక్కకి ఒత్తిగిల్లబోతున్నట్టు కనిపిస్తే చేతులు బిగించి గుడ్డ చుట్టడం ఆపెయ్యండి. బోర్లా పడ్డ రోజు మాత్రం ఏ వేళైనా ఫోన్ చెయ్యి. బొబ్బట్లకి శనగపప్పు, బెల్లం మీ అమ్మ ఇప్పుడే తెప్పించి పెట్టింది. దిండు విప్పి ఆవాలు పోపుల డబ్బాలో పోసేసింది. వారం నుంచి ఇంట్లో ఏం వండినా పోపు చిటపటలే.

నాన్న